అల్లుడుగారి గాలిసీసా

ఆ రోజు శనివారం. పొద్దున్నే తలంటుకుని, ఇడ్లీ తిని, తొమ్మిది గంటల బస్సుకి సింగరాయకొండ వెళ్ళి, స్వామికి టెంకాయ కొట్టి, సాయంత్రం అక్కడే మద్రాసు రైలెక్కాలని సింగరయ్య పథకం వేసుకున్నాడు. ఈ పథకంలో టెంకాయకి తప్ప ఎవరికీ ఏ అపాయమూ లేదు.

సింగరయ్య విశాఖపట్నంలో ఒక కంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. సముద్రంలో మునిగిన పడవల్నీ, ఓడల మీంచి జారిపడ్డ సామాన్లనీ పైకి తీయించడం ఆ కంట్రాక్టరు వ్యాపారం. అందుకోసం నీళ్ళలోకి దిగేవాళ్ళు కొందరు ఉండేవారు. సింగరయ్య వాళ్ళల్లో ఒకడు కాడు. వాళ్ళ సామాను దాచే గదికి గుమాస్తా. గాలి నింపిన ఇనప సీసాల్ని వరసగా నిలబెట్టి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకోవడం అతని ఉద్యోగం. అతనికి ఈత రాదు. పెళ్ళయిన కొత్తలో భార్య మల్లేశ్వరి ముచ్చటపడి సముద్రం చూపించమంటే చూపించాడు గానీ, చీలమండలు తడవగానే వెనక్కి వచ్చేశాడు.

సంబంధం మాట్లాడిన పెద్దమనిషి "అబ్బాయిది సముద్రంలో దిగే కంపెనీలో పని" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. మామగారు మాలకొండయ్య దాన్ని కొంచెం కుదించి "మా అల్లుడు సముద్రంలో దిగుతాడు" అని దర్శి చుట్టుపక్కల పల్లెలన్నిటా చెప్పుకున్నాడు. సింగరయ్య విన్నాడు. దిద్దుదామనుకున్నాడు. పెళ్ళిపందిట్లో బాగుండదని ఊరుకున్నాడు, ఆ తర్వాత మరీ బాగుండదని ఊరుకున్నాడు.

ఇప్పుడు భార్యను పుట్టింట్లో దిగబెట్టి మద్రాసు వెళ్ళే పని మీద ముందురోజు సాయంత్రం అత్తవారింటికి వచ్చాడు. వెంట ఒక గాలిసీసా ఉంది. దానికి వీపున కట్టుకునే పట్టీలు, నోట్లో పెట్టుకునే గొట్టం, కళ్ళకి అద్దం, కాళ్ళకి బాతుపాదాల్లాంటి రబ్బరు తొడుగులు. గాలి వదిలే మర మధ్యమధ్య బిగుసుకుపోతోంది, మద్రాసులో బాగుచేయించుకు రమ్మని కంట్రాక్టరు పంపించాడు. బయల్దేరేటప్పుడు దిగేవాళ్ళ పెద్ద హయాత్ దాని మెడకి ఎర్రగుడ్డ కట్టాడు. ఆ గుడ్డ ఉన్న సామానుతో ఎవడూ నీళ్ళలోకి దిగకూడదని అక్కడి కట్టుబాటు.

హయాత్ ముక్కోపి. అతనికి రెండే పట్టింపులు. "దిగేవాడు తన సామాను తనే చూసుకోవాల. ఇంకోడు చూశాళ్ళే అనుకున్నవాణ్ణి ఈ భుజాల మీద మోసుకొచ్చినా" అనేవాడు. ఇంకొకటి, ఎవడైనా "ఇవాళ నేను దిగను" అంటే ఎందుకని అడగకూడదు, నవ్వకూడదు. ఒకసారి ఒకతను ఏ కారణమూ చెప్పకుండా దిగనని ఒడ్డున కూర్చుంటే, సింగరయ్య పొడిగా ఉన్న తన గదిలోంచి కిసుక్కున నవ్వాడు. హయాత్ ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

ఇడ్లీల దగ్గర బావమరిది బుల్లయ్య పక్కన చేరాడు. మీసాలు అప్పుడే నల్లబడుతున్న వయసు, ఆ ఇంటికి ఒక్కగానొక్క కొడుకు. బావ వెంట వైజాగు వెళ్ళి సముద్రంలో దిగే ఉద్యోగం చెయ్యాలని వాడి కోరిక.

"బావా, ఇది పెట్టుకుంటే ఎంతసేపుండొచ్చు లోపల?"

"ఎంతసేపేమిటి! పడుకుని ఓ కునుకు తియ్యొచ్చు" అన్నాడు సింగరయ్య, ఇడ్లీ కారప్పొడిలో అద్దుకుంటూ.

అప్పుడే మాలకొండయ్య పొలం నుంచి వచ్చి తువ్వాలు విదిలించి కూర్చున్నాడు. కొత్తగా పెట్టించిన ఆయిలు ఇంజను తిరుగుతోంది గానీ చుక్క నీరు పడటం లేదట. బావి అడుగున పైపు చివర జల్లెడమూతి ఉంటుంది, దాన్నే ఫుట్‌వాల్వు అంటారు. అందులో చెత్త చేరితే నీరు ఎక్కదు. అప్పుడు ఎవరో ఒకరు మూడు నిలువుల లోతుకి మునిగి దాన్ని చేత్తో కెలికి రావాలి. మిరపతోట పూత మీద ఉంది. ఇవాళో రేపో తడి అందకపోతే పూతంతా రాలిపోతుంది.

"పానకాలుకి కబురు చెయ్యకపోయారా" అంది నాంచారమ్మ, అల్లుడి విస్తట్లో నెయ్యి వేస్తూ. ఆ చుట్టుపక్కల బావుల్లో మునిగే పని పానకాలుదే.

"చేశాలే. వస్తున్నాడు" అన్నాడు మాలకొండయ్య. తర్వాత ఇంటల్లుడి వైపు చూడకుండా, ఎదురుగా ఉన్న స్తంభం వైపు తిరిగి, "అల్లుణ్ణి పని అడగడం మా ఇంటావంటా లేదు. కానీ సముద్రంలో దిగే మనిషి ఇంట్లో ఉండగా బావిలో దిగేవాణ్ణి బయటినుంచి పిలిపిస్తే, అల్లుణ్ణి తక్కువ చేసినట్టవదూ అని నా బాధ" అన్నాడు.

స్తంభం ఏమీ అనలేదు. సింగరయ్య మాత్రం "అదెంత పని మావయ్యా!" అనేశాడు.

ఆ మాట అన్నందుకు అతన్ని పూర్తిగా తప్పుపట్టడానికి లేదు. అలా అంటే మామగారు "అబ్బే, మీకెందుకు బాబూ ఈ శ్రమ" అనాలి. అప్పుడు అల్లుడు "శ్రమేముందండీ" అనాలి. మామగారు ససేమిరా అనాలి. మర్యాద తెలిసినవాళ్ళ మధ్య ఇది ఇలాగే నడుస్తుంది, చివరికి ఎవరూ ఏ పనీ చెయ్యక్కర్లేదు. కానీ మాలకొండయ్య ఆ పొద్దున పద్ధతి తప్పాడు. "అలాగే కానివ్వండి బాబూ!" అని లేచి, బుల్లయ్యని పిలిచి, "పానకాల్ని వెనక్కి పొమ్మను. అల్లుడుగారే దిగుతున్నారని చెప్పు" అన్నాడు.

పానకాలు వెనక్కి పోలేదు. తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుని, నేరుగా బావి దగ్గరికే వెళ్ళి గట్టు మీద చుట్ట ముట్టించుకుని కూర్చున్నాడు. "నేనేం దిగనులే మాలకొండయ్యా. చూస్తా. చూస్తే తప్పా?" అన్నాడు. దార్లో కనిపించిన ప్రతివాడికీ ఈ అవమానం గురించి చెప్పుకుంటూ వచ్చాడు గనక, ఆ ప్రతివాడూ వెనకాలే వచ్చాడు.

పెరట్లో మల్లేశ్వరి మొగుణ్ణి పట్టుకుంది. "ఏవండీ, మీకు ఈత రాదుగా!"

"నెమ్మదిగా అనవే! ఎవరన్నా వింటారు."

"వింటే మంచిదేగా. నేను చెప్పనా నాన్నతో?"

"చెప్పావంటే నా పరువేం కాను?"

"పరువుకి ఈతొచ్చా?" అంది మల్లేశ్వరి. పుట్టింట్లో నలుగురి ముందు మొగుణ్ణి చిన్నబుచ్చడం ఇష్టంలేక, ఆమె వాకిట్లోకి వచ్చి, "ఆయనకి రాత్రినుంచీ పడిశంగా ఉంది నాన్నా. నీళ్ళలో నానకూడదు" అని ఒక దారి చూపించింది. నాంచారమ్మ ఆ దారిని వెంటనే మూసేసింది. మిరియాలూ శొంఠీ దంచి కషాయం కాచి, గ్లాసు నిండా పోసి, అల్లుడు తాగేదాకా ఎదురుగా నిలబడింది. లేని పడిశం నిమిషంలో తగ్గిపోయింది. ముక్కులోంచీ కళ్ళలోంచీ నీళ్ళు కారుతుంటే "చూశారా, ఎలా కరిగిందో!" అని సంతోషించింది.

రెండో దారి సింగరయ్యే వెతుక్కున్నాడు. "ఇవాళ శనివారం, తొమ్మిదినుంచి పదిన్నర దాకా రాహుకాలం మావయ్యా" అన్నాడు. ఆ లోగా ఎండ ముదిరి, జనం విసిగి వెళ్ళిపోతారని అతని ఆశ. మాలకొండయ్యకి అల్లుడి ఆచారం చూసి ముచ్చటేసింది. "పెద్ద చదువు చదివినా పద్ధతి మర్చిపోలేదు" అని రాహుకాలం వెళ్ళేదాకా అందర్నీ నీడపట్టున కూర్చోబెట్టాడు. విసిగి వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. పత్తి ఏరే కూలీలు పని ఆపి వచ్చారు. శనివారం ఒంటిపూట బడి కావడంతో హెడ్మాస్టరు రాధాకృష్ణమూర్తి గారు ఆ ఒక్క పూటా వదిలేసి పిల్లల్ని వరసలో నడిపించుకొచ్చారు. చేతిలో బంతిపూల దండ కూడా ఉంది.

"పిల్లలూ, మానవుడు చేపను జయించే ఘట్టాన్ని ఇప్పుడు మీరు కళ్ళారా చూస్తారు" అన్నారాయన, మాలకొండయ్య వేయించిన కుర్చీలో కూర్చుంటూ.

రాహుకాలం వెళ్ళిపోయింది. సింగరయ్య బావిలోకి తొంగిచూశాడు. రాతి మెట్లు కొంత దూరం వెళ్ళి నల్లటి నీళ్ళలో కలిసిపోయాయి. అప్పుడు అతనికి హయాత్ పట్టింపులు గుర్తుకొచ్చాయి. అందులో రెండోది వాడుకుని ఉంటే కథ ఇక్కడే అయిపోయేది. "నేను దిగను" అంటే సరిపోయేది. అతను ఇంకో కట్టుబాటు వాడుకున్నాడు.

"మా కంపెనీలో ఒంటరిగా దిగనివ్వరు మావయ్యా. ఎప్పుడూ ఇద్దరు దిగాలి. ఒకరికొకరు తోడు. ఇక్కడ రెండో సెట్టు లేదుగా మరి!" అన్నాడు, గట్టెక్కినవాడి గొంతుతో.

"నేనున్నాగా బావా!" అని బుల్లయ్య అప్పటికే చొక్కా విప్పేశాడు. "సెట్టు నాకివ్వండి. మీరు సముద్రంలో ఆరితేరినవాళ్ళు, ఊపిరి బిగబట్టి దిగ్గలరు. కొత్తవాణ్ణి నాకే కదా అది కావాల్సింది!"

జనం బాగుందన్నారు. హెడ్మాస్టరు గారు "సహేతుకంగా ఉంది" అన్నారు. మాలకొండయ్య కొడుకు భుజం తట్టి, "ముందు వాడు దిగుతాడు. అల్లుడుగారు పైనుంచి చెబుతారు. అవసరమైతే ఆయనా దిగుతారు" అని తీర్పిచ్చాడు. సింగరయ్యకి ఒక్కసారి గుండె తేలికపడింది. తను దిగక్కర్లేదు! ఆ తేలికపడటమే తర్వాత చాలా కాలం అతన్ని కుదురుగా నిద్రపోనివ్వలేదు.

సెట్టు తెచ్చారు. దాని మెడకున్న ఎర్రగుడ్డ చూసి నాంచారమ్మ అది దిష్టిగుడ్డ అనుకుంది. ఆ ఊళ్ళో కొత్త ఇంజనుకీ, కొత్త ఎద్దుకీ అలాగే కడతారు. "మీ కంపెనీవాళ్ళకి కూడా మంచీచెడూ తెలుసే" అని మెచ్చుకుని, ఆ గుడ్డకే రెండు నిమ్మకాయలూ నాలుగు ఎండు మిరపకాయలూ గుచ్చి కట్టింది. సింగరయ్య చూస్తూ నిలబడ్డాడు. గుడ్డ సంగతి చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాడు.

బుల్లయ్య వీపుకి పట్టీలు తన చేత్తోనే బిగించాడు. ఒక పట్టీ బిగించేటప్పుడు చెప్పేద్దామనుకున్నాడు, రెండో పట్టీ అయ్యాక చెప్పేద్దామనుకున్నాడు. మధ్యమధ్యనే కదా బిగుసుకుపోయేది, ఇవాళ బిగుసుకోకపోవచ్చు కదా అని తనకి తాను నచ్చజెప్పుకున్నాడు. నడుముకి తాడు కట్టాడు. గుమాస్తా కట్టే ముడి, మూటలకి వేసేది.

బుల్లయ్య అద్దం నుదుటి మీదికి నెట్టుకుని, అతని మొహంలోకి చూసి, నెమ్మదిగా అడిగాడు. "బావా, అంతా సరిగ్గానే ఉందిగా?"

"ఆ" అన్నాడు సింగరయ్య.

బుల్లయ్య మెట్లు దిగాడు. రబ్బరు పాదాలు మెట్టు మెట్టుకీ తప్‌మని కొట్టుకుంటుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. చివరి మెట్టు మీద పైకి చూసి చెయ్యూపి మునిగాడు. బుడగలు లేచాయి. జనం ఈలలు వేశారు. హెడ్మాస్టరు గారు లేచి నిలబడి, "గమనించండి, గమనించండి" అన్నారు.

తర్వాత బుడగలు ఆగిపోయాయి. అడుక్కి చేరుకున్నాడని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆ బుడగలు ఆగకూడదని అక్కడున్న అంతమందిలో తెలిసినవాడు ఒక్కడే. వాడు మామగారి మొహం వైపు చూశాడు. ఆ మొహం గర్వంతో వెలిగిపోతోంది. ఇంకొక్క క్షణం చూద్దాం అనుకున్నాడు. మనిషి అన్నవాడు సిగ్గుపడాల్సిన క్షణం ఏదైనా ఉంటే అదే.

మల్లేశ్వరి అరిచింది. "ఏవండీ! తమ్ముడేడండీ!"

"మావయ్యా! అది చెడిపోయింది!" అన్నాడు సింగరయ్య.

"ఏమిటి బాబూ?" చప్పట్లలో మాలకొండయ్యకి వినిపించలేదు.

"చెడిపోయిందండీ! గాలి రాదు! బాగుచేయించడానికి తీసుకెళ్తున్నా! నాకు ఈత రాదు! నేను గుమాస్తాని!" చివరి మాట ఆ సమయానికి అవసరం లేదు గానీ, ఏడాదిగా లోపలున్నది మిగతావాటితో పాటు తోసుకుని వచ్చేసింది.

చప్పట్లు ఆగిపోయాయి. "తాడు లాగండ్రా!" అన్నాడు మాలకొండయ్య. తాడు పట్టుకున్నవాడు అంతకుముందే సరిగ్గా కనబడటం లేదని పక్కవాడికిచ్చి ముందుకెళ్ళాడు. ఆ పక్కవాడూ అదే పని చేశాడు. తాడు కొస చివరికి హెడ్మాస్టరు గారి కుర్చీ కింద దొరికింది. అందరూ కలిసి లాగారు. తాడు చాలా తేలిగ్గా వచ్చింది. రెండో కొసన ఏమీ లేదు. సింగరయ్య వేసిన ముడి ఊడిపోయింది.

పానకాలు చుట్ట పారేసి లేచాడు. "పొద్దున నన్నొద్దన్నారుగా!" అని అంటూనే తలగుడ్డ లాగేస్తున్నాడు. ఆ మాట విన్న సింగరయ్య, వాడు దిగడేమోనని భయపడి, పరుగెత్తుకెళ్ళి గట్టు మీద బోర్లాపడి వాడి కాళ్ళు రెండూ గట్టిగా కౌగిలించుకున్నాడు.

"నీ కాళ్ళు పట్టుకుంటా పానకాలూ! వాణ్ణి పైకి తియ్యి! నీకు పుణ్యముంటుంది!"

"కాళ్ళొదలండి బాబూ! దూకాలి!"

"నువ్వు దూకుతానంటే గానీ వదల్ను!"

"వదిలితేగా దూకేది! ఎవరన్నా ఈయన్ని పట్టుకోండయ్యా!"

ఎవరూ పట్టుకోలేదు. అల్లుడుగారి మీద చెయ్యి ఎలా వేస్తారు? పానకాలు అలాగే దూకాడు. కాళ్ళతో పాటు సింగరయ్య కూడా వెళ్ళాడు.

నీళ్ళలో పానకాలు ఒక్క తన్ను తన్ని విడిపించుకుని కిందికి పోయాడు. సింగరయ్య ముక్కునిండా, నోటినిండా నీళ్ళతో గుడ్డిగా చేతులు ఆడించాడు. ఇంజను పైపు చేతికి తగిలింది. దాన్ని కరుచుకుని వేలాడాడు. పానకాలు ఒకసారి ఒట్టి చేతులతో పైకి తేలి, ఊపిరి తీసుకుని, మళ్ళీ మునిగాడు. పైన నాంచారమ్మ కేకలు వినిపిస్తున్నాయి. ఆ రెండో మునక ముగిసేలోగా సింగరయ్య తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. ఒక్క మొక్కు కూడా తన గురించి కాదు. ఆ రోజు మొత్తంలో అతను చేసిన పరువైన పని అదొక్కటే, అదీ ఎవరికీ కనబడలేదు.

పానకాలు బుల్లయ్యని చంకలో ఇరికించుకుని తేలాడు. వీపు పట్టీ పైపు బిగింపులో చిక్కుకుపోతే తెంపి తెచ్చాడట. గట్టున పడుకోబెట్టి కడుపు నొక్కితే చెంబుల కొద్దీ నీళ్ళు కక్కి, కాసేపటికి కళ్ళు తెరిచాడు. నీలంగా ఉన్న పెదాలు కదిలించి బావ కోసం చూశాడు. ఇద్దరు మనుషులు అప్పుడే పైపునుంచి ఊడదీసి పైకి తెచ్చిన బావ, వణుకుతూ పక్కన కూలబడ్డాడు.

"రెండుసార్లు గాలొచ్చింది బావా. తర్వాత రాలేదు" అన్నాడు బుల్లయ్య. "నేను సరిగ్గా పీల్చలేదేమో."

సింగరయ్యకి తల కొట్టేసినట్టయింది. వాడు లేచి చెంప పగలగొట్టినా అంత బాధ ఉండేది కాదు. "నీ తప్పు కాదురా. నాదిరా" అన్నాడు. పళ్ళు టకటకమని కొట్టుకోవడంతో ఆ మాట ఎవరికీ సరిగ్గా వినబడలేదు.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. గుమాస్తా అన్న మాట అందరూ విన్నారు. మాలకొండయ్య కూడా విన్నాడు. కానీ కొడుకు బతికాడు, ఊరంతా ఎదురుగా ఉంది, అల్లుడి పరువు ఇంటి పరువు. ఆయన గొంతు సవరించుకుని, "చూశారా మా అల్లుణ్ణి! ఈత రాకపోయినా బావమరిది కోసం ప్రాణాలకి తెగించి దూకాడు!" అన్నాడు.

జనానికి ప్రాణం లేచొచ్చింది. ఏమనుకోవాలో తెలిసిపోయింది. "ఔనౌను" అన్నారు. హెడ్మాస్టరు గారు తెచ్చిన దండ వృథా పోకుండా సింగరయ్య మెళ్ళో వేశారు.

"నేను దూకలేదండీ. పడ్డాను" అన్నాడు సింగరయ్య.

"వినయం చూడండి పిల్లలూ" అన్నారు హెడ్మాస్టరు గారు.

"నిజంగా పడ్డానండీ. పానకాల్ని అడగండి!"

"పానకాలూ, నువ్వు నోరు మూసుకో" అన్నాడు మాలకొండయ్య. పానకాలు అప్పటికే మూడోసారి బావిలో ఉన్నాడు. ఆ గొడవలో అందరూ మర్చిపోయిన ఫుట్‌వాల్వుని కెలికి గుప్పెడు ఆకులూ, అత్తగారు కట్టిన నిమ్మకాయల్లో ఒకటీ పైకి తెచ్చాడు. గాలిసీసాని కూడా తెచ్చి గట్టున పడేశాడు. ఇంజను దబదబమంది. మిరపతోటలోకి నీళ్ళు పారాయి. దండ వేసుకున్న మనిషి ఆ సీసా వైపు చూసే ధైర్యం లేక తల దించుకుని ఇంటికి నడిచాడు.

ఆ మధ్యాహ్నం సింగరయ్య అన్నానికి లేవలేదు. వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాలకొండయ్య రెండుసార్లు వచ్చి చూసి, తలాడించి, భార్యతో "అలక" అన్నాడు. అల్లుడు అత్తవారింట్లో అన్నం మానేసి గోడవైపు తిరిగితే దానికి ఆ ఊళ్ళో ఇంకో అర్థం లేదు. మంచం పట్టె మీద కూర్చుని బుజ్జగించాడు.

"ఏం కావాలి బాబూ? చేతి గడియారమా?"

"ఏమీ వద్దు మావయ్యా. మీరు నన్ను తిట్టండి."

"అయ్యో! పోనీ సైకిలు?"

"నేను వాడి ప్రాణం మీదికి తెచ్చాను మావయ్యా. చెడిపోయిందని తెలిసే కట్టాను. నాలుగు దెబ్బలు వెయ్యండి!"

మాలకొండయ్య బయటికి వచ్చి, "చాలా గట్టి అలక. సైకిలు తప్పదు" అన్నాడు. మల్లేశ్వరి నవ్వలేదు. ఆమె తమ్ముడి కాళ్ళకి నూనె రాస్తూ ఉండిపోయింది. బావి దగ్గరినుంచి వచ్చాక మొగుడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

సాయంత్రం నాంచారమ్మ మజ్జిగ తెచ్చింది. గ్లాసు మంచం కింద పెట్టి, వెళ్ళకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పొద్దున కషాయం ఇచ్చిన మనిషేనా అన్నట్టుంది ఆమె మొహం.

"బాబూ, వాడడిగాడు. అంతా సరిగ్గా ఉందా అని. నేను పక్కనే ఉన్నా. మీరు 'ఆ' అన్నారు."

సింగరయ్య లేచి కూర్చున్నాడు.

"ఆ 'ఆ' నాకు నచ్చలేదు. మీ మొహంలో నెత్తురు లేదు. నాకు తెలిసింది. అడుగుదామనుకున్నా. మళ్ళీ, అల్లుణ్ణి నలుగురిలో అడిగితే బాగుండదనుకుని నోరు మూసుకున్నా. వాడు మెట్లు దిగుతుంటే చూస్తూ నిలబడ్డా. నా కొడుకు కంటే మీ మర్యాద ఎక్కువైపోయింది నాకు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మిమ్మల్ని ఏమంటాను నేను? మజ్జిగ తాగండి."

సింగరయ్య మజ్జిగ తాగాడు. అందులో ఉప్పు అత్తగారు వేసిందో, తన కళ్ళలోంచి పడిందో అతనికి తెలియలేదు. తిట్టమని అడిగినందుకు తిట్టినా ఇంత లోపలికి దిగేది కాదు. తాగి, లేచి, వెళ్ళి బుల్లయ్య మంచం పక్కన నేల మీద కూర్చుని, ఎర్రగుడ్డ సంగతీ, తాళంచెవి సంగతీ, చీలమండల సంగతీ మొదటినుంచీ చెప్పాడు. బుల్లయ్య పైకప్పు వైపు చూస్తూ, "ముందే చెబితే పానకాల్ని పిలిచేవాళ్ళంగా బావా" అన్నాడు.

మర్నాడు అతను గాలిసీసాకి తడి ఎర్రగుడ్డని మళ్ళీ కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసి బస్సెక్కాడు. కండక్టరు అదేమిటని అడిగితే "చెడిపోయింది" అన్నాడు. మీరేం చేస్తుంటారని అడిగితే "గుమాస్తాని" అన్నాడు, అడగనివాళ్ళకి కూడా వినబడేటట్టు. సింగరాయకొండలో మర్చిపోకుండా టెంకాయ కొట్టాడు. వైజాగు తిరిగొచ్చాక హయాత్‌కి అంతా చెప్పాడు. హయాత్ తిట్టలేదు, నవ్వలేదు. గది తాళంచెవి చెయ్యి చాపి తీసుకుని, మూడు రోజుల తర్వాత తిరిగిచ్చాడు.

ఉగాదికి మళ్ళీ అత్తవారింటికి వెళ్ళేసరికి వాకిట్లో కొత్త సైకిలుంది. హ్యాండిలుకి ఎర్రగుడ్డ, నిమ్మకాయలు. ఊరు సగం చేరింది. హెడ్మాస్టరు గారు వచ్చారు. "ఎక్కండి బాబూ! ఊరంతా ఒక చుట్టు తిరిగి రండి!" అన్నాడు మాలకొండయ్య. "అదెంత పని" అన్న మాట సింగరయ్య నాలిక చివరిదాకా వచ్చింది.

"నాకు తొక్కడం రాదు మావయ్యా. నేను ఎక్కను" అన్నాడు.

ఎందుకని ఎవరూ అడగలేదు. అరుగు మీద పానకాలు ఒక్కడు కిసుక్కున నవ్వబోయాడు గానీ, మల్లేశ్వరి చూసిన చూపుకి అక్కడే ఆగిపోయాడు. మూడు నెలల తర్వాత ఆమె మొగుడి వైపు తిరిగి కాస్త నవ్వింది. బుల్లయ్య ముందుకొచ్చి, "నేను నేర్పుతా బావా, ఇలా ఇవ్వండి" అని సీటు మీద చెయ్యి వేశాడు.

బ్రేకులు ఎవరు చూశారో ఆ మనిషి పేరు చెప్పేదాకా నాంచారమ్మ సైకిలు వదల్లేదు.